చక్రం బెండు తీయించాలంటే ఏ షాపు? హైదరాబాద్ సైకిల్ రిపేరు షాపుల మీద ఒక సమీక్ష

హైదరాబాద్‌లో సైకిల్ షాపులకు కొదవ లేదు. కొత్త సైకిళ్లు అమ్మేవాళ్లు ఉన్నారు, పంక్చర్లు వేసేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. వెనక చక్రంలో పుల్ల (స్పోక్) విరిగినప్పుడు మాత్రం ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో ఒక పట్టాన తేలదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద తిరిగే 24 పుల్లల రోడ్ బైకు ఒక రకం, పాల క్యాన్లు మోసే 40 పుల్లల హీరో సైకిల్ ఇంకో రకం. రెండింటికీ ఒకే చేయి, పుల్లలు బిగించే ఒకే కీ పనికిరావు.

ఇక్కడ షాపుల పేర్లు రాయడం లేదు. చక్రం పని షాపు బోర్డును బట్టి ఉండదు, ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది. అందుకే షాపులను మూడు రకాలుగా విడగొట్టి, ఏ పనికి ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ ఏం అడగాలో, చక్రం తిరిగి చేతికొచ్చినప్పుడు ఏం చూసుకోవాలో చెబుతున్నాం.

ముందు చక్రం సంగతి. సైకిల్ చక్రానికి బలమంతా పుల్లల బిగువులోంచే వస్తుంది. మామూలు అల్యూమినియం రిమ్ము ఉన్న ముందు చక్రంలో ఒక్కో పుల్ల సుమారు 100 కిలోల లాగుడు మీద ఉండాలి. గేర్ల సైకిల్ వెనక చక్రంలో చైను వైపు పుల్లలకు 110 నుంచి 120 కిలోల దాకా ఉంటుంది. అదే చక్రంలో ఎడమ వైపు పుల్లలకు అందులో 55 నుంచి 65 శాతమే వస్తుంది. కుడి పక్కన గేర్లకు చోటు కావాలి కాబట్టి హబ్ (చక్రం నడుమ పుల్లలు తగిలించే దిమ్మ) కుడి అంచు లోపలికి జరిగి ఉంటుంది, దాంతో ఆ వైపు పుల్లలు దాదాపు నిటారుగా నిలబడతాయి. రిమ్ము మధ్యలో నిలవాలంటే అవి ఎక్కువ లాగాల్సిందే.

బిగువు చాలని పుల్ల రోడ్డు వైపుకు వచ్చినప్పుడల్లా వదులవుతుంది, పైకి పోగానే మళ్లీ బిగుస్తుంది. 700సి చక్రం (రోడ్ బైకులకు మామూలుగా వచ్చే కొలత) కిలోమీటరుకు దాదాపు 475 సార్లు తిరుగుతుంది. అంటే వెయ్యి కిలోమీటర్లకు నాలుగున్నర లక్షలసార్లకు పైగా ఈ సాగుడు, వదులుడు జరుగుతాయి. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎలా తెగుతుందో, పుల్ల కూడా హబ్ దగ్గరి వంపులో అలాగే తెగుతుంది. పుల్ల తెగిన చక్రాన్ని చూడగానే “బరువెక్కువైంది సార్” అనే మాట చాలా షాపుల్లో వినిపిస్తుంది. చాలాసార్లు అసలు కారణం బరువు కాదు, మొదటి నుంచీ చక్రం వదులుగా కట్టి ఉండటం.

అందుకే మెకానిక్‌ను అంచనా వేయడానికి మొదటి గుర్తు ఇది: చక్రం చేతికి రాగానే పుల్లలను వేలితో మీటుతాడా? ఒకే వైపు పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలి. పుల్లలు ఒకదాన్నొకటి తాకుతూ అల్లుకుని ఉంటాయి కాబట్టి, ఆ తాకే చోటుకూ రిమ్ముకూ మధ్య మీటితే శబ్దం స్పష్టంగా వస్తుంది. నాలుగు పుల్లలు ఖంగుమని, ఐదోది టప్పుమని పలికితే జబ్బు అక్కడుంది. వెనక చక్రంలో కుడి పుల్లలు హెచ్చు శ్రుతిలో, ఎడమవి తగ్గు శ్రుతిలో పలుకుతాయి, అది సహజం. మీటి చూడకుండా రిమ్ము బ్రేకు షూకు రాసుకునే చోట కీ పెట్టి తిప్పడం మొదలుపెట్టేవాడు ఊగుడు మాత్రం ఆపుతాడు. ఒక పుల్ల మరీ బిగువుగా, పక్కది మరీ వదులుగా ఉన్నా రిమ్ము నిటారుగానే తిరుగుతుంది. ఆ నిటారు కొన్నాళ్లే నిలుస్తుంది.

ఇక మొదటి రకం, వీధి చివరి సైకిల్ షాపు. నీళ్ల తొట్టి, పంపు, గోడకు వేలాడే టైర్లు. ఇక్కడి పాత మెకానిక్‌ల చేతిని తక్కువ అంచనా వేయకూడదు. సైకిల్‌ను సీటు మీద బోర్లించి, ఫోర్కు మీద బొటనవేలు ఆనించి, చక్రాన్ని తిప్పుతూ గోటి చివర తగిలే చోటును బట్టి బెండు తీసేవాళ్లు ఉన్నారు. చక్రాన్ని బిగించి బెండు చూసే స్టాండు లేనంత మాత్రాన పని చెడదు. గట్టి ఆనిక ఉంటే ఫోర్కే స్టాండు.

కానీ వాళ్లు పని నేర్చుకున్న సైకిల్ వేరు, ఇవాళ మీరు తీసుకెళ్లే సైకిల్ వేరు. హీరో, హెర్క్యులెస్, బీఎస్ఏ లాంటి 28 అంగుళాల నల్ల సైకిళ్లకు రాడ్డు బ్రేకులు ఉండేవి. ఆ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టవు, హబ్ వైపు ఉండే లోపలి అంచును పట్టుకుంటాయి. చక్రం పక్కకు రెండు మూడు మిల్లీమీటర్లు ఊగినా ఆ బ్రేకుకు పెద్ద తేడా పడదు. ఎత్తుపల్లాలుంటే మాత్రం వెంటనే తెలుస్తుంది. పక్కల నుంచి నొక్కే కాలిపర్ బ్రేకుకు లెక్క తలకిందులు. పక్క ఊగుడు అర మిల్లీమీటరు లోపు ఉంటే మంచి పని, ఒక మిల్లీమీటరు దాటితే లివరులో తెలిసిపోతుంది. “ఈ మాత్రం ఉంటుందిలే, సరిపోతుంది” అని వీధి షాపులో అంటే, పాత సైకిల్ లెక్కలో ఆ మాట నిజమే. మీ సైకిల్‌కు అంతకంటే దగ్గరి లెక్క కావాలని మర్యాదగా చెప్పండి. చాలామంది ఇంకో పావుగంట కూర్చుని తీసిస్తారు.

ఈ షాపుల్లో నిజమైన ఇబ్బంది పనిముట్లది. నిప్పిల్ (పుల్ల కొనను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) కొలతలు 3.23, 3.30, 3.45 మిల్లీమీటర్లని రకరకాలుగా ఉంటాయి. చుట్టూ పది గాళ్లున్న గుండ్రటి బిళ్ల కీతో అన్నిటినీ తిప్పేస్తే నిప్పిల్ మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. ఆ తర్వాత దాన్ని కోసి తీయడమే. అల్యూమినియం నిప్పిళ్లయితే ఇంకా తొందరగా పాడవుతాయి. రెండో ఇబ్బంది, టైరు విప్పడానికి స్క్రూడ్రైవరు, ఇనుప పట్టీ వాడటం. ఇనుప రిమ్ముకు ఏమీ కాదు. అల్యూమినియం రిమ్ము అంచు మాత్రం లొట్టపడుతుంది, బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ లొట్ట టక్కుటక్కుమంటుంది. రెండు ప్లాస్టిక్ టైరు లివర్లు కొని సీటు సంచిలో పెట్టుకుని, “వీటితో తీయండన్నా” అని చేతికివ్వండి. ఎవరూ కాదనరు.

మా అంచనా: నల్ల సైకిళ్లు, పిల్లల సైకిళ్లు, గేర్లు లేనివి, ఇనుప రిమ్ములు, పంక్చర్లు, వీటన్నిటికీ వీధి షాపే మొదటి ఎంపిక. బరువులు మోసే సైకిల్‌కు ముందు 32, వెనక 40 పుల్లల చక్రం కట్టడంలో వీళ్లకు ఉన్న వేగం, అనుభవం పెద్ద షోరూములో దొరకవు. పుల్లలు తక్కువున్న రోడ్ బైకు చక్రానికి మాత్రం కీ కొలత చూశాకే చేయి పెట్టనివ్వండి.

రెండో రకం, బ్రాండు షోరూములు, పెద్ద క్రీడా సామాన్ల దుకాణాల్లోని వర్క్‌షాపులు. స్టాండు ఉంటుంది, సరైన కీలు ఉంటాయి, క్యాసెట్ (వెనక గేర్ల పళ్ల చక్రాల గుత్తి) విప్పే పనిముట్టు ఉంటుంది. డిస్కు బ్రేకు సైకిల్‌కు ఇవి మేలు. అయితే “జనరల్ సర్వీసు” జాబితాలో ‘రెండు చక్రాల ట్రూయింగ్’ (బెండు తీయడం) అన్న ఒక్క వరుస చూసి తృప్తి పడకండి. అందులో జరిగేది ఎక్కువగా పైపై ఊగుడు తీయడమే. పుల్ల తెగిందని, చక్రం పూర్తిగా కట్టించాలని విడిగా చెప్పి, విడిగా రాయించుకోండి.

ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యే మాట “చక్రం మొత్తం మార్చేయండి” అని. కొన్నిసార్లు ఆ మాట సరైనదే. నిప్పిల్ రంధ్రం చుట్టూ రిమ్ము పగిలితే మార్చాలి. బ్రేకు పట్టే పక్కలు అరిగి, స్కేలు ఆనిస్తే మధ్యలో పల్లంగా కనిపిస్తే మార్చాలి, ఎందుకంటే ఆ రిమ్ము ఏదో ఒక రోజు గాలి ఒత్తిడికే విచ్చుకుంటుంది. గుంతలో పడి ఒకచోట చదునైన రెండు గోడల అల్యూమినియం రిమ్మును సుత్తితో కొట్టి సరిచేయడం కుదరదు. అనుమానంగా ఉంటే ఒక పరీక్ష ఉంది. పుల్లలన్నీ వదులు చేసి రిమ్మును చదునైన బల్ల మీద పెట్టాలి. పుల్లల లాగుడు లేకపోయినా అది వంకరగానే ఉంటే రిమ్ము పోయినట్టే. చదునుగా పడుకుంటే తప్పు బిగువులో ఉంది, చక్రాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. ఒకటి రెండు పుల్లలు తెగాయని మంచి హబ్, మంచి రిమ్ము పారేయడం మాత్రం దండగ.

ఇదే చోట డిస్కు సంగతి కూడా. “చక్రం రాసుకుంటోంది” అని వెళితే అది మూడింటిలో ఏదైనా కావచ్చు: రిమ్ము బెండు, డిస్కు బెండు, హబ్ ప్లే (హబ్ వదులై ఆడటం). డిస్కు బ్రేకు సైకిల్‌లో రిమ్ము ఊగినా బ్రేకుకు తగలదు, అందుకే జనం నెలల తరబడి పట్టించుకోరు. చివరికి పుల్ల తెగాక గమనిస్తారు. డిస్కుకు ఆనుకుని ఉన్న చోట చైను ఆయిలుగానీ, తుప్పు వదిలించే స్ప్రేగానీ కొట్టే షాపులో ఇక మాట్లాడాల్సిందేమీ లేదు. తుంపర ప్యాడ్ల మీద పడితే బ్రేకు పట్టు పోతుంది, మూలుగుతుంది, చాలాసార్లు ప్యాడ్లు మార్చక తప్పదు.

మూడో రకం, చక్రాలు కట్టడమే ప్రత్యేకంగా చేసేవాళ్లు. వీళ్లు తక్కువమంది. 200 కిలోమీటర్ల నుంచి మొదలయ్యే బ్రెవే (గడువు లోపు ముగించాల్సిన దూరపు) రైడ్లు చేసేవాళ్లను అడిగితే దారి దొరుకుతుంది. రాత్రంతా తొక్కాల్సిన రైడ్లో పుల్ల తెగితే ఏమవుతుందో తెలిసినవాళ్లు కాబట్టి, చక్రం ఎవరికి ఇవ్వాలో కూడా వాళ్లకు తెలుసు. ఇలాంటి చోట బిగువు కొలిచే గేజీ ఉంటుంది. పార్క్ టూల్ వాళ్ల టీఎం-1 లాంటిది చాలు. గేజీ మీద కనిపించే అంకె కిలోలు కాదు, పుల్ల మందాన్ని బట్టి పట్టికలో చూసి మార్చుకోవాలి. అడగ్గానే ఆ పట్టిక తీసి చూపిస్తే మీరు సరైన చోటే ఉన్నారు. పని ఒక పూట పట్టవచ్చు, కూలీ కూడా ఎక్కువే ఉంటుంది. పుల్లలు పదే పదే తెగుతున్న చక్రానికి ఆ డబ్బు పెట్టడమే పొదుపు.

ఇప్పుడు అసలు పని. వెనక చక్రంలో చైను వైపు పుల్ల ఒకటి తెగింది, బాగు చేయడం అంటే ఏమేం జరగాలి? షాపులో నిలబడి ఈ వరుసను గమనిస్తే చాలు, మంచి చెడూ అక్కడే తెలిసిపోతుంది.

ముందు ఫ్రీవీల్ లేదా క్యాసెట్ విప్పాలి. అది విప్పకుండా కుడివైపు పుల్ల హబ్ రంధ్రంలోకి ఎక్కదు. కొందరు తొందరలో పుల్లను వంచి దూరుస్తారు. వంచిన చోట మళ్లీ తెగడం ఖాయం. తర్వాత తెగిన పుల్ల పక్కవాటిని కొలవాలి. కొలత వంపు లోపలి అంచు నుంచి మర చివరి దాకా. ఒకే చక్రంలో కుడి, ఎడమ పుల్లల పొడవు సుమారు రెండు మిల్లీమీటర్లు తేడా ఉండొచ్చు. తెగింది కుడి పుల్లయితే కుడి వైపుదే కొలవాలి. పొడవెక్కువైతే పుల్ల కొన నిప్పిల్ దాటి పొడుచుకొస్తుంది. ఒకే గోడ ఉన్న రిమ్ములో అది టేపును చీల్చి ట్యూబును గుచ్చుతుంది. పొట్టిదైతే మర నిప్పిల్ తలదాకా అందదు, కొన్నాళ్లకు నిప్పిల్ తల తెగి ఊడుతుంది. కొన సరిగ్గా నిప్పిల్ తలలోని గాడి అడుగుదాకా రావాలి.

పుల్ల మందం కూడా చూడాలి. మామూలుగా వచ్చేవి 14 గేజీ, అంటే 2 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ అని చెప్పి జింకు పూత ఇనుప పుల్ల అంటగడతారేమోనని కొందరు అయస్కాంతంతో చూస్తారు. ఆ పరీక్షను నమ్మొద్దు, తీగగా లాగిన మంచి స్టెయిన్‌లెస్ కూడా అయస్కాంతానికి కొద్దిగా అంటుకుంటుంది. పేరున్న కంపెనీ పుల్లలకు తల మీద చిన్న అచ్చు ఉంటుంది, అది చూసుకోండి.

కొత్త పుల్లను పాతదాని దారిలోనే అల్లాలి. ఎన్ని పుల్లలను దాటుతుందో, చివరి దాటుడులో పైనుంచా కిందనుంచా అన్నది పక్కదాన్ని చూసి అనుసరించాలి. మరకు ఒక చుక్క ఆయిలు. అదే వైపు పుల్లల శ్రుతికి వచ్చేదాకా బిగించాలి. తర్వాత అసలు బెండు. రిమ్ము ఎడమకు పోతే అక్కడి కుడి పుల్లలను పావు చుట్టు బిగించి, ఎడమవాటిని పావు చుట్టు వదలాలి. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పేవాడి చేతిలో చక్రం పెట్టకండి. నిప్పిల్‌తో పాటు పుల్ల కూడా మెలి తిరుగుతుంది కాబట్టి, పావు చుట్టు కావాలంటే కాస్త ఎక్కువ తిప్పి అంత వెనక్కి రావాలి. ఈ వెనక్కి వచ్చే చేతి కదలిక కనిపించిందంటే ఆ మెకానిక్‌కు పని తెలుసు.

చివర్లో జంటలు జంటలుగా సమాంతర పుల్లలను రెండు చేతులతో గట్టిగా పిసకాలి. టింగుటింగుమని శబ్దాలొస్తాయి, మెలికలు విడిపోతాయి, వంపులు హబ్‌లో కుదురుకుంటాయి. పిసికాక మళ్లీ కొద్దిగా ఊగుడు బయటపడుతుంది, దాన్ని సరిచేసి ఇంకోసారి పిసకాలి. ఈ మెట్టు వదిలేస్తే, మీరు ఇంటికెళ్లే దారిలో ఆ టింగులన్నీ వినిపిస్తాయి, ఇల్లు చేరేసరికి చక్రం మళ్లీ ఊగుతుంది.

ఇంకా ఒకటి చాలాచోట్ల మరిచిపోతారు. తెగిన పుల్ల మీద కోతల్లాంటి గీతలు ఉంటే, చైను పెద్ద పళ్ల చక్రం దాటి పుల్లల్లోకి పడిందని అర్థం. అప్పుడు గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు తగిలించే హ్యాంగరు వంగిందేమో చూసి, చైను లోపలికి పోకుండా ఆపే హద్దు స్క్రూ సరిచేయాలి. అది చేయకుండా పుల్ల ఒక్కటే మారిస్తే అదే జబ్బు తిరగబెడుతుంది. కొద్ది నెలల్లో రెండోదీ మూడోదీ వంపు దగ్గరే తెగితే, మిగతావి కూడా అలసిపోయాయని లెక్క. అన్నీ మార్చి చక్రం కొత్తగా కట్టించాలి. ఈ మాట తనంతట తాను చెప్పే మెకానిక్‌ను వదులుకోవద్దు.

హబ్ గురించి క్లుప్తంగా. కోన్, కప్పు రకం (ఇరుసు మీది కోన్‌కూ హబ్‌లోని కప్పుకూ మధ్య బాల్స్ తిరిగే) హబ్‌లలో సాధారణంగా ముందు పక్కకు 10 చొప్పున 3/16 అంగుళం బాల్స్, వెనక పక్కకు 9 చొప్పున పావు అంగుళం బాల్స్ ఉంటాయి. ఒక బాలు అరిగిందని ఒక్కటే మార్చకూడదు, అన్నీ మార్చాలి. కోన్ మీద గుంటలు పడితే కోన్ కూడా మార్చాలి. గుంటపడిన కోన్‌కు గ్రీజు ఎంత పెట్టినా నెల తిరక్కుండానే గరగరలాడుతుంది. క్విక్ రిలీజ్ (చక్రాన్ని లివరుతో విప్పే ఏర్పాటు) ఉన్న ఇరుసుకు, బయట ఉన్నప్పుడు వెంట్రుకవాసి ప్లే వదిలి, ఫ్రేములో బిగించాక అది పోయేలా సర్దాలి. వానాకాలంలో సైకిల్‌ను మోటారు బైకుల వాటర్ సర్వీసింగుకు ఇవ్వకండి, ఆ ప్రెషరు నీళ్లను నేరుగా హబ్‌లోకి తోస్తుంది.

పంక్చరు విషయంలో షాపును తేల్చేది ప్యాచీ కాదు, ముల్లును వెతకడం. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు టైరులో విరిగి ఉండిపోతాయి. ట్యూబులో చిల్లు దొరికాక, వాల్వ్ నుంచి లెక్కేసి టైరులో అదే చోట లోపలి వైపు వేలితో తడమాలి. చిల్లు రిమ్ము వైపు ఉంటే ముల్లు కాదు, రిమ్ము టేపు జరిగింది లేదా పుల్ల కొన పొడుస్తోంది. పక్కపక్కనే రెండు చీలికలుంటే గాలి తక్కువై గుంతలో ట్యూబు నలిగింది. సొల్యూషన్ పూసి ఆరనివ్వకుండా ప్యాచీ అతికించే చోట అది ఎక్కువ రోజులు నిలవదు. సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉన్నవాళ్లు ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వ్‌కే తొడిగి ఉంచుకుంటే ఏ షాపు పంపుతోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

చక్రం తిరిగి తీసుకునేటప్పుడు షాపులోనే మూడు చూడండి. తిప్పి, బ్రేకు షూ దగ్గర రెండు వైపులా ఖాళీ సమంగా ఉందా. చక్రాన్ని విప్పి, కుడి ఎడమలు మార్చి తిరగేసి పెట్టినా ముందు చక్రం మధ్యలోనే నిలుస్తోందా. ఒకే వైపు పుల్లలు మీటితే దగ్గర దగ్గర శ్రుతిలో పలుకుతున్నాయా. డబ్బులిచ్చేముందు, 100 కిలోమీటర్లు తొక్కాక ఒకసారి తీసుకొస్తే మళ్లీ చూస్తారా అని అడగండి. కొత్తగా కట్టిన చక్రం అప్పటికి కుదురుకుని కొద్దిగా కదులుతుంది, రెండోసారి పట్టే పని పది నిమిషాలే. పని మీద నమ్మకం ఉన్నవాళ్లు చాలాచోట్ల దానికి డబ్బులు తీసుకోరు, రమ్మని వాళ్లే చెబుతారు.